మూడు తలకాయలు, మూడు నెయిల్ పాలిష్‌లు

అక్టోబరు 5, ఆదివారం

దసరా వెళ్లింది, ఇంట్లోకి మళ్లీ చేప వచ్చింది. విజయవాడ పటమటలో మేం ఎప్పుడూ కొనే ఆవిడ దగ్గర మూడు కిలోల బొచ్చ తీసుకుని, తలకాయ ముక్కలు కొట్టకుండా విడిగా ఇవ్వమన్నాను. "పులుసుకేగా అమ్మా?" అంది. కాదంటే పెద్ద కథ చెప్పాలి. అవునన్నాను.

కథ ఏంటంటే, ఒక చేప తల, ఒక కోడి తల, ఒక మేక తల తీసుకోవాలి. మూడింట్లోనూ దవడ కీలు దగ్గరి ఎముకలు, చెవి ఎముకలు విడదీసి ఒకే అట్ట మీద పక్కపక్కన అంటించాలి. ఇక్కడి ఎముక అక్కడ ఏమైందో రంగులేసి చూపించాలి. నేను ఇంటర్ పిల్లలకి జువాలజీ చెప్తాను. కూటకం (మాలియస్), దాగలి (ఇంకస్), కర్ణాంతరాస్థి (స్టేపిస్) అని మన చెవిలోని మూడు ఎముకల పేర్లు ఏటా బోర్డు మీద రాస్తాను. "వీటిలో మొదటి రెండూ ఒకప్పుడు దవడ ఎముకలే" అని ఒక్క ముక్క అనేసి తర్వాతి పాఠంలోకి వెళ్లిపోతాను. పిల్లలు బుద్ధిగా రాసుకుంటారు, ఒక్కళ్లూ నమ్మినట్టు కనపడరు. వాళ్లననడం ఎందుకు, నేను మాత్రం చేత్తో పట్టుకుని చూశానా?

ఎదురింటి బైపీసీ పిల్ల నాకు అసిస్టెంట్. పని మొదలుపెట్టకముందే అడిగింది: "ఆంటీ, ఇది నీట్‌లో వస్తుందా?"

చేప తల ఉడకబెట్టకూడదు. మరిగిన నీళ్లు పోసి పది నిమిషాలు మూత పెడితే చాలు, కండ దానంతటదే వదులుతుంది. చేప తల మన తలలా ఒక్క డిప్ప కాదు, పలకలు పలకలుగా ఊడొస్తుంది. మొప్ప మూత తీస్తే దాని వెనక మొప్పల కమానులు వరసగా ఉన్నాయి. బొచ్చకి నోట్లో పళ్లుండవు. ఆఖరి కమాను దగ్గర గొంతులో ఉంటాయి, మూడు వరసలు. పిల్ల వేలు పెట్టి చూసి గబుక్కున లాక్కుంది.

ఆ మొప్ప మూత ఎముకల్ని ప్లేట్లో పేర్చి "ఇవేనా ఆంటీ చెవి ఎముకలయ్యేది? నాలుగున్నాయి, మనకి మూడేగా" అంది. కాదన్నాను గానీ, ఆ మాటన్న మొదటి మనిషి తను కాదు. 1818లో ఫ్రాన్సులో జంతుశాస్త్రవేత్త జాఫ్రువా సెంటిలేర్ అచ్చంగా ఇదే రాశాడు, చేప మొప్ప మూత ఎముకలే మన చెవి ఎముకలని. తమాషా ఏంటంటే, ఒక ఎముక ఏదో తేల్చాలంటే ఆకారం చూడొద్దు, చేసే పని చూడొద్దు, దేని పక్కన దేనితో అతుక్కుని ఉందో చూడమని సూత్రం చెప్పిందీ ఆయనే. సూత్రం గట్టిది. వాడకంలో ఆయనే కాలు జారాడు.

మాకు కావలసింది ఆ మూత వెనక దాక్కుంది. హయోమాండిబ్యులర్ ఎముక, చిన్న గొడ్డలి రేకులా ఉంటుంది. పై అంచు పుర్రెలో చెవి భాగం పక్కన ఒక గాడిలో కూర్చుంటుంది. వెనక ఒక బొడిపె ఉంది, మొప్ప మూత దాని మీదే తిరుగుతుంది. కింద దవడ మొత్తం దీనికి వేలాడుతుంది. మధ్యలో ఒక బెజ్జం, ఏడో కపాల నాడి కొమ్మ వెళ్లే దారి. చేపలో ఇది వినికిడి ఎముక కాదు, దవడని మోసే దూలం. దాని కింద క్వాడ్రేట్, క్వాడ్రేట్‌కి ఆనుకుని కింది దవడ వెనక కొసలో ఆర్టిక్యులర్. చేప నోరు తెరుచుకునేది ఈ రెండింటి మధ్యే.

చేపలో చెవికి శబ్దం మోసే ఇంకో నాలుగు జతల ఎముకలు దొరకలేదు. పుర్రె వెనక మొదటి వెన్నుపూసల పక్కన ఉండాలి. కత్తి సరిగ్గా అక్కడే పడింది.

అక్టోబరు 12

ఈ వారం కోడి. నాటుకోడి తలలు రెండు తెచ్చాను. ఒకటి పాడవుతుందని మనసులో అనుకునే తెచ్చాను, అయింది కూడా. కుక్కర్లో మూడు విజిల్స్ రానిచ్చాను, తొందరపడి. మూత తీసేసరికి ఎముకలు తడిసిన బిస్కెట్‌లా ఉన్నాయి. రెండోది పాత గిన్నెలో, మరగనివ్వకుండా సన్న సెగ మీద రెండు గంటలుంచితే శుభ్రంగా వచ్చింది.

క్వాడ్రేట్ చూడాలంటే కోడిలోనే చూడాలి. పుర్రెకీ కింది దవడకీ మధ్య విడిగా, మూడు కొమ్ములతో పీకిన పన్నులా ఉంటుంది. దాన్ని వేలితో ముందుకి నెడితే కింద ఉన్న సన్న పుల్లల్లాంటి ఎముకలు కదిలి పై ముక్కు కొంచెం లేస్తుంది. పిల్ల ఈ ఆట పావుగంట ఆడింది. మన పై దవడ పుర్రెకి అతుక్కుపోయింది కాబట్టి మనకి ఈ సౌకర్యం లేదు. చిలక జామకాయ కొరికేటప్పుడు చూడండి, పైముక్కు ఎంత లేస్తుందో.

చెవిలో ఒక్కటే ఎముక. కాల్యుమెల్లా. మూడు మిల్లీమీటర్లుంటుందేమో, గుండుసూదిలా సన్నటి కాడ, చివర చిన్న తల. ఆ తల లోపలి చెవి కిటికీలో మూతలా కూర్చుంటుంది. మొదటి కోడిది సింకులో పోయింది. అప్పటినుంచీ ప్రతి గిన్నె నీళ్లూ టీ వడపోతలోంచే పారబోస్తున్నాం. వడపోత కొత్తది కొనేదాకా ఈ ఇంట్లో టీ తాగనన్నారు అత్తయ్యగారు.

చేపలో అంతటి గొడ్డలి రేకు కోడిలో ఈ సూది అయింది. మధ్యలో మెట్టు లేకపోతే నమ్మడం కష్టమే. గ్రీన్‌లాండ్ రాళ్లలో దొరికిన ఆకాంతోస్టెగా ఆ మెట్టు. సుమారు 36 కోట్ల ఏళ్ల నాటి జంతువు, కాళ్లూ వేళ్లూ వచ్చేశాయి. దాని స్టేపిస్ గురించి, అంటే ఇదే ఎముక గురించి, శిలాజాల శాస్త్రవేత్త జెన్నీ క్లాక్ 1989లో రాశారు. సన్నటి సూది అనుకుంటే మొద్దు దుంగ బయటపడింది. అంటే నేల మీదికి వచ్చిన కొత్తలో ఈ ఎముక వినడానికి కాదు, పుర్రెకి ఆసరాగానే ఉంది. దవడ పుర్రెకి నేరుగా అతుక్కోవడంతో దూలానికి ఉద్యోగం పోయింది. కానీ అది కూర్చున్న చోటు మారలేదు, ఇప్పటికీ లోపలి చెవి గోడ పక్కనే. గాలిలో శబ్దం వినాల్సిన అవసరం వచ్చేసరికి చేతికందేంత దూరంలో ఉన్నది అదే.

గాలిలో వినడం మామూలు సమస్య కాదు. గాలిలోంచి వచ్చిన శబ్దం నీటిని తాకితే 99 శాతానికి పైగా వెనక్కి కొట్టేస్తుంది, లోపలి చెవి నిండా ఉన్నది నీళ్లే. అందుకే పెద్ద పొర మీద పడిన అదురుని చిన్న కిటికీ మీదికి తోసే పుల్ల కావాలి. మనుషుల్లో కర్ణభేరి ఆ కిటికీకి దాదాపు 17 రెట్లు పెద్దది.

అక్టోబరు 18, శనివారం

మేక తలకాయకి అసలు తిప్పలు పడ్డాను. కొట్టాయన తల కాల్చి, మధ్యకి నరికి ఇవ్వడానికి అలవాటు పడిపోయాడు. నరకొద్దంటే కత్తి పట్టుకుని నా వంక చూశాడు.

"నరక్కపోతే భేజా ఎట్టా తీస్తారు మేడమ్?"

"భేజా వద్దులేండి."

"భేజా వద్దా!"

పక్కన క్యూలో ఉన్నాయన కూడా నన్ను జాలిగా చూశాడు. మొత్తానికి ఇచ్చాడు. "రెండు పళ్లదే, లేతది" అని ఒక మాట కూడా అన్నాడు, నాకు కలిసొచ్చే మాట. లేత మేకలో చెవి ఎముకల గది పుర్రెకి గట్టిగా అతుక్కోదు. మెత్తని కండ కుళ్లితే విడిగా ఊడొస్తుంది.

మేక తలని ఉడకబెట్టడం లేదు. సగం పైగా కండ తీసేసి, మూత ఉన్న బకెట్లో మామూలు నీళ్లు పోసి డాబా మీద పెట్టాను. బాక్టీరియా మిగతాది చూసుకుంటుంది. నాలుగైదు రోజులకోసారి పై నీళ్లు తీసి కొత్తవి పోయాలి, మొత్తం మార్చకూడదు. చేతికి గ్లవ్స్, ముక్కుకి మాస్క్ తప్పనిసరి. బ్లీచింగ్ పౌడరు జోలికి వెళ్లొద్దు, అది ఎముకని లోపల్నుంచి తినేస్తుంది, ఏడాదికి పొడి రాలుతుంది.

అక్టోబరు నెలాఖరు

కార్తీకం వచ్చింది. ఇంట్లో ఉల్లిపాయ కూడా లేదు, డాబా మీద మాత్రం బకెట్లో మేక తల. అత్తయ్యగారికి ఎదురుగా చెప్పే ధైర్యం లేక "కాలేజీ పని" అని ఊరుకున్నాను. తులసికోట కింద ఉంది, బకెట్ పైన ఉంది. గాలి ఎటు వీస్తే అటు టెన్షన్.

తుపాను వానకి రెండు రోజులు కరెంటు లేదు. మూత మీద ఇటుక పెట్టాను గానీ గాలికి జరిగిపోయి బకెట్ పొంగింది. పైకి వెళ్లి చూస్తే మేక ముందు పళ్లు డాబా అంతా తేలుతూ ఉన్నాయి. మేకకి పై దవడలో ముందు పళ్లుండవు, కింద ఎనిమిది. వాటి వేర్లు వదులు, ముందు ఊడేవి అవే. ఆరు నీళ్ల గొట్టం జాలీ దగ్గర దొరికాయి. రెండు ఏలూరు కాలవలో కలిసి ఉంటాయి.

చెవి గది మాత్రం పుర్రెతోనే ఉంది. దేవుడి దయ అనను, ఈ నెలలో ఈ పనికి ఆ మాట వాడటం బాగోదు.

నవంబరు 23, ఆదివారం

శుక్రవారం పోలిని స్వర్గానికి పంపాం. ఇవాళ బకెట్ దించాం.

పుర్రె అడుగున చెవి గది ఒక్క తోపుకే ఊడొచ్చింది, రేగుపండంత. కడిగి, ఆరబెట్టి, పిల్ల దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. లోపల ఏదో గలగలమంది. మళ్లీ ఊపింది. నేనూ ఊపాను. ఏడాదిన్నర పాటు ఆ మేక వినడానికి వాడుకున్న ఎముకలు ఇప్పుడు మాకు వినపడుతున్నాయి.

అంచు ఉన్న స్టీలు పళ్లెం చూసి, అందులో నల్ల కాగితం వేసి, దాని మీద బోర్లించి తట్టాం. ముందు మాలియస్ పడింది. బియ్యపు గింజంత పొడవు, ఒక పక్క బొడిపె తల, ఇంకో పక్క సన్నటి పిడి. తర్వాత ఇంకస్, రెండు వేర్లున్న దంతంలా. మాలియస్ తలకి ఇంకస్‌లో గాడి సరిగ్గా సరిపోతుంది, గోటి మీద పెట్టి కలిపితే కూర్చుంది. స్టేపిస్ రాలేదు. కిటికీలో ఇరుక్కుంది. సూదితో ఎత్తబోతే ఒక కాలు విరిగింది. రెండో చెవికి వేడినీళ్లు చుక్క చుక్కగా పోసి రాత్రంతా వదిలేస్తే పొద్దున దానంతటదే పళ్లెంలో ఉంది. నువ్వు గింజంత రికాబు. మధ్యలో బెజ్జం.

చేప హయోమాండిబ్యులర్‌లోనూ బెజ్జం ఉందిగా, అదీ ఇదీ ఒకటేనా అని పిల్ల అడిగింది. మంచి ప్రశ్న, కానీ కాదు. అక్కడ వెళ్లేది నాడి. ఇక్కడ పిండ దశలో వెళ్లేది ఒక ధమని. బెజ్జాలు కలిశాయని ఎముకలు ఒకటనుకోవడానికి లేదు. ఆ రెండు ఎముకలూ ఒకటే అనడానికి కారణాలు వేరు: రెండూ పిండంలో రెండో మొప్ప కమాను నుంచి వస్తాయి, రెండూ లోపలి చెవి గోడకే ఆనుతాయి, స్టేపిస్‌ని లాగే బుల్లి కండరానికి ఇప్పటికీ ఏడో నాడే వస్తుంది. అదే మాలియస్‌ని లాగే కండరానికి అయిదో నాడి, నమిలే కండరాలకి వెళ్లేదే. ఎముక చెవిలోకి కాపురం మార్చినా కరెంటు మాత్రం పాత మీటరు నుంచే.

దవడ కీలు ఎక్కడుందో మేకలో వెతికాం. కింది దవడ ఇప్పుడు ఒకే ఎముక, డెంటరీ. దాని కొస నేరుగా పుర్రెలో స్క్వామోసల్‌కి ఆనుతుంది. క్వాడ్రేట్ లేదు, ఆర్టిక్యులర్ లేదు; అవి చెవిలోకి వెళ్లి ఇంకస్, మాలియస్ అయ్యాయి. మీ చెవి ముందు వేలు పెట్టి నోరు తెరిచి చూడండి, కదిలేది ఈ కొత్త కీలే. పాత కీలు దానికి కాస్త వెనక, చెవిలోపల, మాలియస్‌కీ ఇంకస్‌కీ మధ్య ఉంది. ఇందాక గోటి మీద కలిపిన గాడి అదే. బొచ్చ నోరు తెరుచుకునే కీలూ, కోడి గింజ ఏరుకునే కీలూ అదే.

ఇది తేల్చింది జర్మనీలో రైకర్ట్, 1837లో, పంది పిండాలు కోసి చూసి. మన పిండంలో కూడా కింది దవడ పొడవునా మెకెల్ మృదులాస్థి అని ఒక కడ్డీ ఉంటుంది. దాని వెనక కొస మాలియస్ అవుతుంది, మధ్య భాగం చాలావరకు కరిగిపోతుంది. శిలాజాల్లో మోర్గానుకొడాన్ ఉంది, 20 కోట్ల ఏళ్ల కిందటి చుంచెలుకంత జీవి. దానికి పాత కీలూ కొత్త కీలూ రెండూ పక్కపక్కనే పని చేసేవి. అద్దె ఇల్లు ఖాళీ చేయకముందే సొంతింట్లో పాలు పొంగించినట్టు. ఒక్క రోజు కూడా దవడ లేకుండా గడవలేదు.

మన ప్రాణహిత-గోదావరి లోయలో కోటా రాళ్లున్నాయి. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన కోటాసారస్ అక్కడిదే. దాని మెడ పొడవు చూసి నోరు తెరుస్తాం గానీ, చెవి సంగతికొస్తే అది మన పళ్లెంలో కోడి వైపు, ఒకే పుల్ల. అవే కోటా రాళ్లలో చిన్న చిన్న జురాసిక్ క్షీరదాల పళ్లూ దొరికాయి. పళ్లతో చెవి సంగతి తెలియదు, అదొక్కటే బాధ.

నవంబరు 30

రెండో బొచ్చ తల తెచ్చాను. ఈసారి "మెడ దగ్గర రెండు వేళ్లు వదిలి కొట్టు" అని చెప్పి మరీ. పుర్రె వెనక మొదటి పూసల పక్కన నాలుగు జతలు దొరికాయి, వెబర్ ఎముకలు. పెద్దది ట్రైపస్, చిన్న కొడవలిలా ఉంది. దాని వెనక కొస గాలితిత్తికి ఆనుతుంది, ముందు వైపు మిగతా మూడింటి గొలుసు లోపలి చెవి దాకా వెళ్తుంది. చేప ఒళ్లూ నీళ్లూ దాదాపు ఒకే సాంద్రత కాబట్టి శబ్దం ఒంట్లోంచి దూసుకుపోతుంది. ఆగి అదిరేది గాలి ఉన్న చోటే, అంటే తిత్తి దగ్గర. బొచ్చకీ శీలావతికీ వాలగకీ జెల్లకీ ఈ ఏర్పాటు ఉంది. కొర్రమీనుకి లేదు.

రంగులు బీసెంట్ రోడ్డులో బండి మీద కొన్నాం, నెయిల్ పాలిష్, త్వరగా ఆరుతుంది. హయోమాండిబ్యులర్ కుటుంబానికి నీలం, క్వాడ్రేట్‌కి ఎరుపు, ఆర్టిక్యులర్‌కి పసుపు. పసుపు కోసం నాలుగు బళ్లు తిరిగాం. నీలం వేస్తుంటే చేపలో అరచేతి సగం రేకుకి సీసాలో పావు వంతు పట్టింది, మేకలో అగ్గిపుల్ల కొనతో ఒక్క చుక్క. ఆ రెండూ పక్కపక్కన పెట్టి కాసేపు మేమిద్దరం ఏమీ మాట్లాడలేదు.

నేను ఫోను మాట్లాడి వచ్చేసరికి పిల్ల వెబర్ ఎముకలకి కూడా రంగులేసేసింది, ట్రైపస్‌కి పసుపు, చివరిదానికి నీలం. "చెవికి శబ్దం మోసేవేగా ఆంటీ, వరసగా గొలుసులా ఉన్నాయిగా!"

తిడదామని నోరు తెరిచి ఆగాను. 1820లో లైప్‌జిగ్‌లో వెబర్ మొదటిసారి వీటిని వర్ణించినప్పుడు ఆయనా ఇదే అనుకున్నాడు. మాలియస్, ఇంకస్, స్టేపిస్ అనే పేర్లే పెట్టాడు. పని ఒకటే, వరస ఒకటే, చెవి పక్కనే ఉన్నాయి. ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. కానీ ఇవి దవడ నుంచీ రాలేదు, మొప్ప కమాను నుంచీ రాలేదు. మొదటి వెన్నుపూసల రెక్కలూ పక్కటెముకల మొదళ్లూ విడివడి ఇలా అయ్యాయి. మేక మెడపూసల్లో వెతకాలి వీటి చుట్టాల్ని, చెవిలో కాదు. టెక్స్ట్‌బుక్కులో నిర్మాణసామ్యం (పుట్టుక ఒకటే), క్రియాసామ్యం (పని మాత్రమే ఒకటి) అని రెండు కాలమ్‌ల పట్టికలో గబ్బిలం రెక్కా సీతాకోకచిలుక రెక్కా ఇస్తారు. ఆ ఉదాహరణలో ఎవరూ మోసపోరు. ఇక్కడ మోసపోతారు. వచ్చే ఏడు నుంచి నేను ఇదే చెప్తాను.

రిమూవర్ తో తుడిచాం. స్కాఫియం అనే వెబర్ ఎముక ఒకటి దూదికి అంటుకుని పోయింది, మళ్లీ దొరకలేదు. మిగిలినవి రంగు లేకుండా పూసల పక్కనే అంటించాం.

మేక పుర్రె తెల్లబరచడానికి హైడ్రోజన్ పెరాక్సైడ్ నాలుగు సీసాలు అడిగితే మందుల షాపు కుర్రాడు "ఎవరికండీ దెబ్బలు?" అని కంగారుపడ్డాడు.

డిసెంబరు 7

అట్ట పూర్తయింది. చూస్తే రెండు తప్పులున్నాయి. మేక మాలియస్ తలకిందులుగా అంటించాను, ఫెవిక్విక్ కాబట్టి ఇక రాదు. కోడి కింది దవడలో ఆర్టిక్యులర్ మిగతా ఎముకలతో కలిసిపోయి ఉంటుంది, పసుపు ఎక్కడ ఆపాలో తెలియక కొంచెం ముందుకి పోయింది. కాలేజీకి తీసుకెళ్లి చూపించాను. ముందు బెంచీ వాడు తన చెవి ముందు వేలు పెట్టుకుని నోరు తెరిచి మూస్తూ పీరియడ్ అయ్యేదాకా అలాగే ఉన్నాడు.

సాయంత్రం చేపలావిడకి ఫోనులో ఫొటో చూపించాను. అబద్ధం చెప్పి రెండు తలకాయలు తీసుకున్నాను, చెప్పాలనిపించింది. నీలం రేకు చూసి వెంటనే గుర్తుపట్టింది. "ఇది చెంపలో ముల్లు కదా, పిల్లలకి తీసి పెడతాం." మేక స్టేపిస్ మీద నీలం చుక్క చూపించి ఇదీ అదీ ఒకటే అన్నాను. ఫోను దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని చూసింది. "ఒకటేనంటే ఒకటేలే" అని తిరిగి ఇచ్చేసింది.

తర్వాత నేనడక్కుండానే బొచ్చ తలకాయని మెడ దగ్గర రెండు వేళ్లు వదిలి కొట్టింది. ఆ రెండు వేళ్లూ తూకంలో వేసింది.